టౌనులో ఇల్లు చూసేముందు

కొంచెం పెద్ద పోస్టు, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. పిల్లల చదువు కోసం ఊరు వదిలి టౌనుకి మారదామా అని ఆలోచించేవాళ్లకి ముఖ్యంగా రాస్తున్నా.

పోయిన ఆదివారం మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నరసరావుపేటలో ఇల్లు చూశా. పాతదే గానీ మొత్తం కొత్తగా చేయించారు. కింద టైల్స్, పైన సీలింగు, వంటింట్లో అరలు, రెండు బాత్‌రూములు. 32 లక్షలు చెబుతున్నారు. 60 సెంట్లు అమ్మితే సగం వచ్చిద్ది, మిగతాది చూసుకుందాం. పాప మూడో తరగతికి వచ్చింది, బడులు తెరిచేలోపు మారిపోవాలి" అన్నాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందులో పద్దెనిమిది నిమిషాలు ఇల్లు, రెండు నిమిషాలు బడి. చేను సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. ఆయన చేనుకీ ఆ ఇంటికీ 27 కిలోమీటర్లు.

నేను నవ్వలేదు. ఎందుకంటే ఐదేళ్ల కిందట నేనూ అచ్చం అట్లాగే మాట్లాడాను.

2021 ఆగస్టులో కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు మేం పేటకి మారాం. మావాడు ఆరో తరగతి, పాప మూడు. అద్దె ఇల్లే, కానీ ఆ ఇంటిని చూసి మా ఇంటావిడ, నేను ఇద్దరం పడిపోయాం. గోడలు పాల మీగడలాగా ఉన్నాయి. ఊళ్లో మా నాన్న కట్టిన ఇంట్లో గచ్చు పగిలి చీమలు పుట్టలు పెడతా ఉంటే, ఇక్కడ నేల మీద మొహం కనపడతంది. ఓనరు తొమ్మిది వేలు అడిగితే ఎనిమిదిన్నరకి బేరమాడి, గెలిచామనుకుని వచ్చాం.

సెప్టెంబర్లో ముసురు పట్టింది. నాలుగో రోజుకి పడకగదిలో పైన పీవోపీ సీలింగు మీద టీ మరకలాంటిది కనపడింది. వారానికి అది పళ్లెం అంతయ్యింది. మేస్త్రీని పిలిచి ఒక పలక తీయించి చూస్తే, శ్లాబు అడుగున కాంక్రీటు పెచ్చులు ఊడిపోయి, ఇనుము తుప్పు పట్టి ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ సీలింగు అందానికి పెట్టింది కాదు, దాన్ని దాయడానికి పెట్టింది. ఓనరుకి చెబితే "వానాకాలం అన్నాక ఉంటాయి" అన్నాడు.

అందుకని కొత్తగా చేయించిన పాత ఇల్లు చూసేటప్పుడు నేను నేర్చుకున్నవి చెబుతా. వానాకాలంలో చూడండి, ఎండాకాలంలో ఏ ఇల్లైనా బాగానే ఉండిద్ది. రంగు వాసన ఇంకా పోలేదంటే ఎందుకంత తొందరగా చూపిస్తున్నారో అడగండి. గోడకి అడుగున, నేల నుంచి మోకాలి ఎత్తు వరకు అరచెయ్యి ఆనించి చూడండి. చెమ్మ ఉంటే చల్లగా తగిలిద్ది, రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉండిద్ది. లప్పం ఎంత మందంగా పెట్టినా చెమ్మని రెండు వానాకాలాలకి మించి ఆపలేదు. టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టుకుంటా పొండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట కింద సిమెంటు పట్టలేదని అర్థం. డాబా ఎక్కి పిట్టగోడ మూలలు, నీళ్లు దిగే గొట్టాలు చూడండి. సీలింగు ఉంటే లైటు బిగించిన కన్నంలోంచి సెల్‌ఫోను లైటు వేసి పైకి చూడండి. ఇక కొనేవాళ్లయితే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను బాకీ, కరెంటు బాకీ, మున్సిపాలిటీ నీళ్లు ఎన్ని రోజులకోసారి ఎంతసేపు వస్తాయో పక్కింటోళ్లని అడగాలి. ఓనరుని కాదు, పక్కింటోళ్లని.

ఎడ్లు కొనేటప్పుడు పళ్లు పట్టి చూసి, నడిపించి, నాగలి కట్టి చూసే మనం, ఇల్లు అనేసరికి గుమ్మంలోనే పడిపోతాం. అదేందో మరి.

అయితే ఇల్లు మోసం చేసినా ఒకటే నష్టం, ఖాళీ చేసి పోవచ్చు. అసలు దెబ్బ నాకు రోడ్డు మీద తగిలింది.

మా చేను పేటకి 24 కిలోమీటర్లు. రోజుకి 48. బండికి దాదాపు లీటరు పెట్రోలు, నూట పది రూపాయలు. అది లెక్కేసుకునే మారాను. లెక్కెయ్యనిది టైము. పోను యాభై నిమిషాలు, రాను యాభై. ఏడాదికి 300 రోజులు అనుకుంటే 500 గంటలు. ఎనిమిది గంటల పని దినాలుగా చూస్తే 62 రోజులు. అంటే రెండు నెలలు నేను చేలో కాకుండా బండి మీద పని చేశాను, కూలి లేకుండా, పైగా పెట్రోలు ఎదురు పోసి.

అది కూడా ఒప్పుకోవచ్చు. కానీ మన పనికి ఆఫీసు టైము లేదు కదా. ఉద్యోగస్తుడు పదింటికి వెళ్లి ఐదింటికి వస్తాడు, ఆయనకి పాతిక కిలోమీటర్లు అంటే పాతిక కిలోమీటర్లే. మనకి మిరప కూలీల ఆటో ఏడింటికి చేనుకి వచ్చిద్ది. రైతు గట్టు మీద ఉన్న రోజు కోత వేరు, రైతు ఎనిమిదింటికి హెల్మెట్టు తీసుకుంటా దిగిన రోజు కోత వేరు. కుడి కాలువ నీళ్లు మన వంతు రాత్రి పదకొండుకి వస్తే ఆ రాత్రికే పెట్టుకోవాలి. మోటారు ఉన్నోళ్లకి కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చిందో ఊళ్లో ఉంటే తెలిసిద్ది, టౌనులో ఉంటే ఇంకొకళ్లు ఫోన్ చేసి చెప్పాలి. పందులు రాత్రి రెండింటికి వస్తాయి. మందు కొట్టాల్సింది పొద్దు వాలాక గాలి ఆగినప్పుడు. ఇట్లా చూసుకుంటే మన పనిలో సగం చీకట్లోనే ఉంది.

మేం మారిన ఏడాదే నల్ల తామర వచ్చింది, మీకందరికీ గుర్తే. దాన్ని టౌను మీద తొయ్యను. ఊళ్లో ఉండి రోజూ పువ్వు తిప్పి చూసినోళ్లకీ పోయింది, నాకూ పోయింది. అబద్ధం చెప్పకూడదు. కానీ 2023 మార్చిలో అకాల వానలు పడ్డాయి చూడండి, అది మాత్రం నా నష్టం. కాయ కల్లంలో ఉంది. సాయంత్రం మబ్బు లేదని ఇంటికొచ్చా. రాత్రి మా నాన్న ఫోన్ చేశాడు, "ఉరుముతోందిరా" అని. డెబ్బై ఏళ్ల మనిషి, కళ్లు సరిగా ఆనవు, ఒక్కడే పట్టాలు లాగుతున్నాడు. నేను బండి తీశా. దారిలో సగానికే వాన అందుకుంది. వెళ్లేసరికి నాన్న తడిసి కల్లం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పట్టా ఒక వైపు కప్పి, రెండో వైపు గాలికి లేచిపోయింది. ఆ కాయ తాలు కింద పోయింది. గుంటూరు యార్డులో తాలుకీ మేలు రకానికీ తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. పక్క కల్లం వాళ్లది తడవలేదు. వాళ్ల ఇల్లు అక్కడికి అర కిలోమీటరు.

తిరుగు దారిలో ఇంకోటి. పత్తి లోడు ట్రాక్టరు, వెనక లైటు లేదు, గోతం ముక్క కూడా కట్టలేదు. జానెడు దూరంలో తప్పుకున్నా. డిసెంబరు, జనవరి మంచులో, రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట్ల ఇది ఎన్నిసార్లు జరిగిందో మా ఇంటావిడకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ పోస్టు చదివితే తెలిసిద్ది.

సరే, ఇంత చేసింది పిల్లల కోసమే కదా, బడి బాగుంటే ఇదంతా ఓర్చుకోవచ్చు. బడి సంగతి చూద్దాం.

మేం చేర్పించిన బడి బోర్డు మీద టెక్నో, ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ అన్నీ ఉన్నాయి. మూడంతస్తుల బిల్డింగు. మావాడి సెక్షన్లో 58 మంది. ఆ ఏడాది లెక్కల మాస్టరు ముగ్గురు మారారు. నాకు అర్ధ సంవత్సరం పరీక్షల దాకా తెలియదు, ఎందుకంటే మార్కులు బాగానే వస్తున్నాయి. ఒకరోజు కల్లంలో కాటా వేస్తా "నలభై రెండు కిలోల టిక్కీలు పదిహేడు, మొత్తం ఎన్ని కిలోలురా" అంటే, వాడు గుణించడానికి ఫోన్ అడిగాడు. పుస్తకంలో లెక్కయితే చేస్తాడు, చూచిరాతగా. నోటు పుస్తకాలు తీసి చూశా. ఎర్ర సిరా గుర్తు ప్రతి పేజీలో ఉంది, తప్పు లెక్కకి కూడా టిక్కు ఉంది. అప్పుడు నాకు బుర్ర తిరిగింది. ఇంటికి రంగేసినట్టే బడికీ రంగేస్తారు.

ఆ మాట సర్కారు బడికీ వర్తించిద్ది, ఒక పక్కనే మాట్లాడకూడదు. 2019లో మొదలైన నాడు-నేడులో చాలా బడులకి టైల్స్, బల్లలు, బాత్‌రూములు వచ్చాయి. మంచిదే, ఆడపిల్లలకి అది చిన్న సంగతి కాదు. కానీ బడి బాగుందా లేదా అన్నది ఆ తరగతికి టీచరున్నాడా, రోజూ వస్తున్నాడా అన్నదాన్ని బట్టి ఉండిద్ది. 2022లో మూడు నాలుగు ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకి కలిపారు. 2025లో ఆ 117 జీవో తీసేసి మళ్లీ మార్చారు, కొన్ని బడుల్ని తరగతికో టీచరుండేట్టు మోడల్ ప్రైమరీ స్కూళ్లు చేశారు. అదే ఏడాది 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ జరిగి కొత్త టీచర్లు వచ్చారు. కాబట్టి నాలుగేళ్ల కిందట "మా ఊరి బళ్లో చదువు లేదు" అనుకున్న మాటనే ఇప్పుడూ పట్టుకుని ఉండకండి. ఓసారి వెళ్లి చూడండి. మీ పక్క ఊరి బడి మారి ఉండొచ్చు. మారకపోయి కూడా ఉండొచ్చు.

ఎట్లా చూడాలంటే, సాయంత్రం బడి వదిలే టైముకి గేటు దగ్గర నిలబడండి. మీ పిల్ల చేరబోయే తరగతి పిల్లల్ని ఇద్దర్ని ఆపి, తెలుగు పుస్తకం ఒక పేజీ చదవమనండి, ఒక భాగహారం చెయ్యమనండి. నోటు పుస్తకం అడిగి చూడండి. ఈ ఏడాది లెక్కల టీచరు, ఇంగ్లీషు టీచరు ఎంతమంది మారారో అడగండి, పిల్లలు ఏదీ దాచరు. ఇది పావుగంట పని. ఆఫీసు రూములో ఏసీ కింద కూర్చుని ఫీజు రాయితీ మాట్లాడటం కంటే ఈ పావుగంట విలువైంది.

ఇక మూడో తరగతి పిల్ల ఉన్న మా బావమరిదికీ, అట్లాంటి వాళ్లందరికీ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. నవోదయ. ఆరో తరగతిలో తీసుకుంటారు, ఫీజు, హాస్టలు బెంగ ఉండదు. జిల్లా సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతం పిల్లలకే. కానీ ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లెటూరి బళ్లోనే పూర్తిగా చదివుండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు టౌను బళ్లో చదివినా అర్బన్ కిందే లెక్క. ఈ సంగతి నాకు 2023లో పాపకి దరఖాస్తు నింపే రోజు తెలిసింది. మూడు, నాలుగు పేటలో చదివింది కాబట్టి అర్బన్ అన్నారు. సీటు రాలేదు. రూరల్ అయితే వచ్చేదని చెప్పలేను, పరీక్ష కదా. కానీ నాలుగింట మూడొంతుల తలుపు నా చేత్తో నేనే వేసి, పైగా ఏడాదికి ముప్పై ఎనిమిది వేలు ఫీజు కట్టాను. మా పాప అప్పుడు ఏమీ అనలేదు. ఈ మధ్య ఏదో మాటల్లో "నాన్నా, నేను ఊళ్లోనే ఉంటే రాసేదాన్ని కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది, కాదనేవాళ్లు కాదనండి. ఐదో తరగతి దాకా పిల్లల్ని ఊళ్లోనో పక్క ఊళ్లోనో చదివించండి. ఊళ్లో బడి మరీ లేకుండా పోతే తప్ప ఆ వయసు పిల్లల కోసం ఇల్లు ఎత్తెయ్యొద్దు. ఆరో తరగతి నుంచి సబ్జెక్టు టీచర్లు కావాలి, అప్పుడు మారండి. మారేటప్పుడు జిల్లా కేంద్రం కాదు, చేనుకి పావుగంటలో చేరే చోటు చూడండి. దూరం పేట నుంచి కాదు, చేను నుంచి కొలవండి.

మేం 2023 జూన్‌లో మండల కేంద్రానికి వచ్చాం. చేనుకి 8 కిలోమీటర్లు. అద్దె నాలుగు వేలు. పాత డాబా ఇల్లు, సిమెంటు గచ్చు, వెల్ల కూడా సరిగా లేదు, కానీ శ్లాబు మొత్తం కళ్లకి కనపడిద్ది. గేదెను కూడా తెచ్చుకున్నాం, పెరడు ఉంది. పేటలో ఉన్నప్పుడు పాలు కొన్నాం, పాలమ్మే వాళ్లం. మావాడిని అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదిలో వేశాం. మా చుట్టాలు "దిగజారారు" అన్నారు, పెళ్లిళ్లలో మొహం మీదే అన్నారు. వాడికి మొన్న పదిలో 600కి 512 వచ్చాయి. పేట బళ్లో ఉంటే 550 వచ్చేవేమో, నాకు తెలియదు. కాటా లెక్క మాత్రం ఇప్పుడు నోటితో చెబుతాడు.

ఆడవాళ్ల సంగతి మనం ఎవరం లెక్కలో వెయ్యం. పేటలో ఉన్న రెండేళ్లు మా ఇంటావిడ పొదుపు సంఘం పోయింది, పత్తి తీతకి వెళ్లే తోడు పోయింది, చేతిలో తన డబ్బు అనేది లేకుండా పోయింది. పొద్దున్నే ఆరింటికి నేను చేనుకి, ఎనిమిదింటికి పిల్లలు బడికి. "గోడలు తెల్లగా ఉన్నాయి గానీ మాట్లాడటానికి మనిషి లేదు" అని ఒకసారి అంది. ఊళ్లో మా అమ్మానాన్నల పొయ్యి వేరు, ఇక్కడ మా పొయ్యి వేరు. రెండు సిలిండర్లు, రెండు బియ్యం బస్తాలు, అమ్మకి జ్వరం వస్తే ఒకరు అటు పరుగు. ఇల్లు ఎట్లా ఉందో చూడటానికి ఇంటావిడని తీసుకెళ్తాం గానీ, మారదామా వద్దా అన్నది మాత్రం మనమే తేల్చేస్తాం.

కొనే మాట కూడా చెప్పి ముగిస్తా. 32 లక్షల ఇల్లు. 60 సెంట్లకి పదిహేను వస్తే, ఇంకా పదిహేడు కావాలి. బ్యాంకు హోం లోనుకి జీతం కాగితమో ఐటీ రిటర్నులో అడిగిద్ది, మన దగ్గర అవి ఉండవు. బయట రూపాయిన్నర వడ్డీకి తెస్తే నెలకి 25,500. ఏడాదికి మూడు లక్షల ఆరు వేలు, అసలు కదలకుండా. అదే ఇల్లు అద్దెకి తీసుకుంటే, జిల్లా కేంద్రం అయ్యాక పెరిగిన అద్దెతో కూడా, ఏడాదికి లక్షా ఇరవై వేలు దాటదు. బడి నచ్చకపోతే ఖాళీ చెయ్యొచ్చు. అమ్మిన 60 సెంట్లు మాత్రం వెనక్కి రావు, వచ్చినా ఆ రేటుకి రావు. పైగా పిల్ల మూడు నుంచి పది దాకా ఎనిమిదేళ్లు, తర్వాత ఇంటరుకి గుంటూరో విజయవాడో పోయిద్ది. అప్పుడు పేటలో ఆ ఇంట్లో ఎవరుంటారు?

నాకు తెలిసిన ముగ్గురు ఇట్లాగే టౌనులో ఇల్లు కొన్నారు. మొదటి ఏడాది రోజూ వచ్చారు, రెండో ఏడాది రోజు విడిచి రోజు వచ్చారు, మూడో ఏడాది పొలం కౌలుకిచ్చారు. వాళ్లని తప్పు పట్టను. కౌలుకివ్వాలనే అనుకుని మారితే అది వేరే లెక్క, హాయిగా మారొచ్చు. వ్యవసాయం చేస్తానంటా మారితేనే గొడవ.

ఇదంతా మా బావమరిదికి ఫోన్లో చెప్పా. కాసేపు మాట్లాడలేదు. చివరికి ఈ ఆదివారం వస్తానన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ ఇంటి గుమ్మం ముందు నుంచి బండి తీసి, ఆయన చేను గట్టు దాకా పోయి, అక్కడి నుంచి మళ్లీ ఇంటికి రావాలి, గడియారం చూసుకుంటా. వెనక చెల్లెమ్మని కూడా ఎక్కించుకోమన్నా. తర్వాత సోమవారం సాయంత్రం ఆ బడి గేటు దగ్గర పావుగంట. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దన్నా.

"పదివేలు ఇచ్చేశా బావా" అన్నాడు.

సరే, పదివేలే కదా, ముందు రమ్మన్నా.